పొద్దున మొదటిసారి సెల్ఫ్ కొట్టగానే ఇంజన్‌లో గట్టి చప్పుడు: కారణం ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న: దేవరకొండ నుంచి ఒక ఉపాధ్యాయుడు

అందరికీ నమస్కారం. నేను దేవరకొండలో ఉంటూ, అక్కడికి 32 కిలోమీటర్ల దూరంలోని ఒక ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. రోజూ వెళ్లి రావడానికి నాలుగేళ్ల క్రితం ఒక పాత డీజిల్ కారు కొనుక్కున్నాను. 2013 మోడల్, ఇప్పటికి 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. వాల్వులు పిస్టన్ల కదలికకు తగ్గ వేళకు తెరుచుకుని మూసుకునేలా చూడడానికి దీని ఇంజన్‌లో టైమింగ్ బెల్టు ఉండదు, టైమింగ్ చైను ఉంటుంది. ఇంతవరకు దారిలో ఒక్కసారి కూడా ఆగిపోలేదు.

నెల రోజులుగా పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు మాత్రం ఇంజన్ నుంచి గలగలమని ఇనుప చప్పుడు గట్టిగా వస్తోంది. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్లు ఉంటుంది. మూడు నాలుగు సెకన్లు మోగి, ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆ తరువాత రోజంతా బండి మామూలుగానే నడుస్తుంది. లాగుడు తగ్గలేదు, పొగ లేదు, మైలేజీలో తేడా లేదు. మా ఇల్లు ఇరుకు సందులో ఉంది కాబట్టి ఆ చప్పుడు రెండు వైపుల గోడలకూ తగిలి ఇంకా పెద్దగా వినిపిస్తుంది. "బిడ్డా, బండిల ఏదో ఇరిగినట్లున్నది, ఎవరికన్న చూపియ్యరాదు" అని మా అమ్మ రోజూ అంటోంది.

ఇద్దరు మెకానిక్‌లకు చూపించాను. ఒకరు టైమింగ్ చైను కిట్టు మొత్తం మార్చాలని, కూలితో కలిపి 22,000 రూపాయలు అవుతుందని చెప్పారు. మరొకరు ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు పోయిందన్నారు. ఇద్దరి దగ్గరికీ నేను బండిని నడుపుకుంటూనే వెళ్లాను కాబట్టి, అప్పటికి ఇంజన్ వేడెక్కి ఉంది; అసలు చప్పుడును ఇద్దరిలో ఎవరూ వినలేదు. బ్యాటరీకి నాలుగేళ్లు నిండాయి. మూడు నెలల క్రితం, 1,34,000 కిలోమీటర్ల దగ్గర, ఊరి బయట రోడ్డు పక్కన ఉన్న ఒక షాపులో ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మార్పించాను. పాడైన వస్తువు ఏదో తేలకముందే డబ్బు ఖర్చు పెట్టడానికి మనసు ఒప్పడం లేదు. అట్లాగని ఊరికే నడుపుతూ పోతే ఇంజన్‌కే ముప్పు వస్తుందేమోననే భయం కూడా ఉంది. దయచేసి తెలిసినవారు దారి చూపండి.

జవాబు: మహబూబ్‌నగర్ నుంచి, ఆటో ఎలక్ట్రీషియన్

సార్, నమస్తే. నేను 26 ఏళ్లుగా సెల్ఫ్ మోటార్లు, బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్లు విప్పి బాగుచేసే పనిలో ఉన్నాను. మీరు చెప్పినదాన్ని బట్టి ఇది సెల్ఫ్ చప్పుడు అని నాకు అనిపించడం లేదు. ఎందుకు అనిపించడం లేదో వివరంగా చెబితే మీకు మీరే పరీక్షించుకోవచ్చు.

సెల్ఫ్ చప్పుడు ఏదైనా తాళం తిప్పిన క్షణం నుంచి తాళం వదిలే క్షణం వరకు, లేదా వదిలిన వెంటనే వస్తుంది. ఇంజన్ అందుకుని తన కాళ్ల మీద తాను తిరగడం మొదలైన తరువాత మూడు నాలుగు సెకన్లు వచ్చే చప్పుడుకు సెల్ఫ్‌తో సాధారణంగా సంబంధం ఉండదు. ఒక్కటి మినహాయింపు: సెల్ఫ్ ముందున్న చిన్న పళ్ల చక్రం (పినియన్) ఇంజన్ ఫ్లైవీలు చుట్టూ ఉన్న పెద్ద పళ్ల రింగు నుంచి వెనక్కి రాకుండా అక్కడే చిక్కుకుంటే, కీచుమంటూ గర్రుమనే చప్పుడు ఇంజన్ అందుకున్న తరువాత కూడా సాగుతుంది. పినియన్ ఒక చుట్టు తిరిగిన దానిలో సుమారు పదో వంతు మాత్రమే పెద్ద రింగు తిరుగుతుంది కాబట్టి, ఇంజన్ యాక్సిలరేటర్ తొక్కకుండా (ఐడిల్‌లో) నిమిషానికి 800 చుట్లు తిరుగుతున్నా దానికి చిక్కుకున్న పినియన్ 8,000 చుట్లకు పైనే తిరగవలసి వస్తుంది. ఆ వేగానికి మోటారు లోపల తిరిగే భాగం (ఆర్మేచర్) చెదిరిపోకుండా లోపల ఒకే వైపు పట్టే క్లచ్చు పెడతారు. మా షాపుల్లో దాన్ని బెండిక్స్ అంటాము. అది చెడిపోతే వచ్చే అరుపును ఒకసారి విన్నవారు మళ్లీ పొరపడరు. అది గులకరాళ్ల చప్పుడు కాదు, కోత మిషను అరిచినట్లు ఉంటుంది.

సెల్ఫ్ కొట్టినప్పుడు టకటకటక అని వరుసగా కొట్టుకుని ఇంజన్ తిరగకపోతే చాలావరకు బ్యాటరీ గానీ దాని టెర్మినళ్లు గానీ కారణం. ఒక్కసారే "టక్" అని ఆగిపోతే సెల్ఫ్ మీది కరెంటు స్విచ్చు సొలినాయిడ్‌నో, మోటారులోకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లనో చూడాలి. మోటారు జుయ్యిమని తిరిగినా ఇంజన్ కదలకపోతే బెండిక్స్ జారుతున్నట్లు. గర్రుమని పళ్లు కొరికిన చప్పుడు వస్తే పినియన్ పన్నో, రింగు పన్నో అరిగింది. ఇందులో ఒక సంగతి చాలామందికి తెలియదు. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆపినప్పుడల్లా ఇంచుమించు రెండే చోట్ల ఆగుతుంది కాబట్టి, రింగు చుట్టూ ఉన్న పళ్లన్నీ సమంగా అరగవు. ఆ రెండు చోట్లే ఎక్కువ అరుగుతాయి. అందుకే ఆ చప్పుడు ఒకరోజు వచ్చి, మరునాడు రాకుండా పోతుంది. మీది రోజూ తప్పకుండా వస్తోందంటున్నారు.

అయినా బ్యాటరీ నాలుగేళ్లది కాబట్టి ఒకసారి కొలిపించండి. రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్లు, 12.2 ఉంటే సగానికి వచ్చినట్లు. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోకూడదు. ఇంజన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆల్టర్నేటర్ చార్జింగ్ బాగున్నట్లే. సెల్ఫ్ నా జీవనాధారమే అయినా, చప్పుడు వినకుండా మీ సెల్ఫ్ విప్పమని నేను చెప్పను.

జవాబు: మిర్యాలగూడ నుంచి, సొంతంగా నాలుగు బండ్లు నడిపించుకునే వ్యక్తి

అన్నా, మా బండ్లు రైస్ మిల్లుల చుట్టూ తిరుగుతాయి. ఊక దుమ్ము, పొట్టు బానెట్ లోపలికి చేరి, ఇంజన్ బయట ఆల్టర్నేటర్ లాంటివాటిని తిప్పే బెల్టు పుల్లీల గాళ్లలో పేరుకుంటుంది. పొద్దున స్టార్ట్ చేయగానే కీ.....మని పిల్లనగ్రోవి ఊదినట్లు పది సెకన్లు అరిచేది ఒక బండి. బెల్టు మార్చాను, రెండు వారాలు బాగుండి మళ్లీ మొదలైంది. మళ్లీ బెల్టు మార్చాను. మూడోసారి ఒక పెద్దమనిషి బెల్టు తీయించి, పుల్లీలను ఒక్కొక్కటిగా వేళ్లతో తిప్పి చూడమన్నాడు. బెల్టుకు దారి చూపే చిన్న ఐడ్లర్ పుల్లీని తిప్పితే లోపల ఇసుక పోసినట్లు గరగరమంది, వేలికి స్పష్టంగా తెలిసింది. బేరింగ్‌లో గ్రీజు ఎండిపోయింది. కొత్త పుల్లీ వేసిన రోజు నుంచి అరుపు లేదు. ముందే ఆ పని చేసి ఉంటే రెండు బెల్టుల డబ్బు మిగిలేది.

బెల్టు మీద అనుమానం ఉంటే, ఇంజన్ నడుస్తుండగా బెల్టు లోపలి వైపు, అంటే గాళ్లున్న వైపు, సీసాతో కొంచెం నీళ్లు చిమ్మి చూడండి. చప్పుడు వెంటనే తగ్గి మళ్లీ వస్తే పుల్లీల వరుస తప్పి ఉంటుంది. నీళ్లు పడగానే ఇంకా పెరిగితే బెల్టు వదులై జారుతున్నట్లు. చిమ్మేటప్పుడు లుంగీ, కండువా, చొక్కా చేతులు ఏవీ బెల్టు దరిదాపుల్లో ఉండకూడదు. రేడియేటర్ ఫ్యాన్ తనంతట తాను ఎప్పుడైనా తిరగవచ్చు, దాని దగ్గరికి చెయ్యి పోనివ్వకండి. ఇప్పటి బెల్టుల రబ్బరు పాతకాలపు వాటిలాగా పగుళ్లు పట్టదు, టైరులాగా గాళ్లు అరుగుతుంది. పగుళ్లు లేవు కదా అని బాగుందనుకోవద్దు. అయితే మీరు చెప్పిన గులకరాళ్ల చప్పుడు బెల్టుది కాదేమోనని నాకూ అనిపిస్తోంది.

జవాబు: వనపర్తి నుంచి, బ్యాంకు ఉద్యోగిని

నాకు మెకానిక్ పని తెలియదు, నా అనుభవం ఒక్కటే చెబుతాను. మా పెట్రోలు కారు స్టార్ట్ చేయగానే బండి కింద నుంచి పళ్లెం మోగినట్లు పెద్ద చప్పుడు వచ్చి, కొద్దిసేపటికి తగ్గేది. ఇంజన్ పని అని మేము చాలా భయపడ్డాము. చివరికి చూస్తే సైలెన్సర్ గొట్టం మీద వేడి తగలకుండా పెట్టే పల్చటి రేకు ఒక బోల్టు తుప్పుపట్టి ఊడి, గొట్టానికి తగులుకుంటోంది. ఒక క్లాంపు బిగిస్తే సరిపోయింది, వంద రూపాయలు కూడా కాలేదు. కాబట్టి ఖరీదైన పని మొదలుపెట్టే ముందు బండిని ర్యాంపు మీదికి ఎక్కించి, చల్లారిన తరువాత, కింద ఉన్న రేకులన్నీ చేత్తో తట్టి చూడమని మనవి.

జవాబు: నల్లగొండ నుంచి, ఆటోమొబైల్ విభాగంలో పాఠాలు చెప్పి రిటైరైన అధ్యాపకుడు

ఉపాధ్యాయ మిత్రులకు నమస్కారం. మీరు ఇచ్చిన వివరాల్లో నా కళ్లు మూడింటి మీద నిలిచాయి. చప్పుడు రాత్రంతా ఆగిన తరువాతే వస్తోంది. మూడు నాలుగు సెకన్లకు క్రమంగా తగ్గకుండా ఒక్కసారిగా ఆగుతోంది. ఆయిల్, ఫిల్టర్ మార్చిన తరువాత రెండు నెలలకు మొదలైంది. ఈ మూడూ కలిపి చూస్తే నా అనుమానం ఇంజన్ ఆయిల్ మీదికి పోతోంది. చైను చప్పుడు చేస్తూ ఉండవచ్చు, కాని చైను చప్పుడు చేసినంత మాత్రాన చైనే పాడైందని అర్థం కాదు.

ఎట్లాగంటే, టైమింగ్ చైనును బిగువుగా పట్టి ఉంచడానికి ఒక టెన్షనర్ ఉంటుంది. చాలా ఇంజన్లలో దాని లోపలి చిన్న పిస్టన్‌ను ముందుకు తోసేది ప్రధానంగా ఆయిల్ ప్రెషరే. ఇంజన్ ఆగగానే ప్రెషర్ పోతుంది. టెన్షనర్‌లోనూ, ఆయిల్ దారుల్లోనూ ఆయిల్ నిలిచి ఉంటే మరునాడు స్టార్ట్ చేసిన వెంటనే పిస్టన్ నిలబడుతుంది. ఆ ఆయిల్ రాత్రికి రాత్రి కింది సంపులోకి జారిపోతే, పంపు మళ్లీ అన్ని దారులనూ నింపి పైకి తెచ్చేదాకా చైను వదులుగా ఉండి, ప్లాస్టిక్ గైడులకు, కవరుకు కొట్టుకుంటుంది. మీరు వింటున్న గులకరాళ్లు అవే కావచ్చు. ప్రెషర్ అందగానే చైను బిగుస్తుంది, చప్పుడు కోసినట్లు ఆగుతుంది. సైలెన్సర్ లీకు గానీ, ఇంజన్ నుంచి పొగ బయటికి వచ్చే చోట అతుకు (మానిఫోల్డు గ్యాస్కెట్) లీకు గానీ అయితే లోహం వేడెక్కి వ్యాకోచించే కొద్దీ నిమిషాల మీద తగ్గుతుంది, ఇట్లా సెకన్లలో ఆగదు.

మరి ఆయిల్ కిందికి ఎందుకు జారుతుంది? గుండ్రని డబ్బాలాగా మర తిప్పి బిగించే ఆయిల్ ఫిల్టర్‌ను ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. మధ్యలో మరలున్న పెద్ద రంధ్రం, దాని చుట్టూ చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. చుట్టూ ఉన్న రంధ్రాల గుండా ఆయిల్ లోపలికి వెళ్లి, వడపోత కాగితం దాటి, మధ్య రంధ్రం గుండా ఇంజన్‌లోకి వస్తుంది. ఆ చిన్న రంధ్రాల వెనక ఒక రబ్బరు పొర ఉంటుంది. ఆయిల్‌ను లోపలికి రానిస్తుంది, ఇంజన్ ఆగినప్పుడు వెనక్కి పోనివ్వదు. ఫిల్టర్ పక్కకు గానీ, తలకిందులుగా గానీ బిగించి ఉండే ఇంజన్లలో ఈ పొరే రాత్రంతా ఆయిల్‌ను కాపలా కాస్తుంది. నాసిరకం, నకిలీ ఫిల్టర్లలో ఆ పొర పల్చటి నాసి రబ్బరుతో ఉండి వేడికి గట్టిపడిపోతుంది. కొన్నింటిలో సరిగా కూర్చోదు. పైన పెట్టె మాత్రం అసలుదానిలాగే ఉంటుంది. ఒక అగ్గిపుల్లతో ఆ రంధ్రంలో మెల్లగా నొక్కితే, మంచి పొర మెత్తగా లోపలికి పోయి మళ్లీ వెనక్కి వస్తుంది. గట్టిపడినది రాదు.

రెండో కారణం ఆయిల్ గ్రేడు. 5డబ్ల్యు-30 అన్నచోట డబ్ల్యు ముందున్న అంకె చల్లని ఇంజన్‌లో ఆయిల్ ఎంత తేలికగా పారుతుందో చెబుతుంది; అంకె చిన్నదైతే తేలికగా పారుతుంది. మన జిల్లాల్లో ట్రాక్టర్లకు, పాత లారీలకు పోసే 20డబ్ల్యు-40 ఆయిల్‌ను డ్రమ్ములో తెచ్చుకుని కార్లకు కూడా పోసే షాపులను నేను చాలా చూశాను. అది చెడ్డ ఆయిల్ కాదు, ఆ ఇంజన్లకు మంచిదే. మీ కారు పుస్తకంలో 5డబ్ల్యు-30 రాసి ఉంటే మాత్రం, డిసెంబరు పొద్దున ఆ చిక్కటి ఆయిల్ సన్నని దారుల గుండా టెన్షనర్ వరకు చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది. మీది టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఎక్కువగా తోసే పరికరం) ఉన్న ఇంజన్ అయితే ఆ కొద్ది సెకన్లూ టర్బో షాఫ్టుకు కూడా ఆయిల్ సరిగా అందదు. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగల షాఫ్టు అది, పల్చటి ఆయిల్ పొర మీదే తేలుతూ తిరుగుతుంది. అందుకే చప్పుడు ఆగేదాకా యాక్సిలరేటర్ అస్సలు తొక్కకండి.

ఇప్పుడు పైసా ఖర్చు లేని పరీక్ష చెబుతాను. ఒక సెలవు రోజు పొద్దున్నే, రాత్రంతా ఆగిన బండిని స్టార్ట్ చేయండి. తాళం తిప్పినప్పటి నుంచి ఎర్రటి ఆయిల్ లైటు ఎప్పుడు ఆరిందో, చప్పుడు ఎప్పుడు ఆగిందో ఫోనులో వీడియో తీయండి. చప్పుడు ఆగిన పది సెకన్లకే ఇంజన్ ఆపేయండి. పది నిమిషాలు ఆగి మళ్లీ స్టార్ట్ చేయండి. ఇంజన్ అప్పటికి ఇంకా చల్లగానే ఉంటుంది, కాని ఆయిల్ మాత్రం పైకి చేరి ఉంటుంది. చప్పుడు మళ్లీ వస్తే చలి వల్ల వచ్చేది: గ్యాస్కెట్ లీకు గానీ, బెల్టు గానీ, మరొకటి గానీ కావచ్చు. రెండోసారి చప్పుడు రాకపోతే కారణం చలి కాదు, రాత్రి జారిపోయిన ఆయిలే. ఈ ఒక్క తేడాతో సగం అనుమానాలు పక్కకు తొలగిపోతాయి.

దానికంటే ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ లెవెల్ చూడండి. బండి సమతలం మీద ఉండాలి. ఆయిల్ కింది గీతకన్నా తక్కువగా ఉంటే మిగతా పరీక్షలన్నీ పక్కన పెట్టి ముందు అది పోయించాలి. ఆయిల్ లైటు నాలుగైదు సెకన్ల తరువాత కూడా ఆరకపోతే ఇంజన్ ఆపేయండి, ఆ బండిని నడుపుకుంటూ మెకానిక్ దగ్గరికి పోవద్దు.

ప్రశ్న అడిగినవారు, నాలుగు రోజుల తరువాత

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం పొద్దున ఐదున్నరకు మా అబ్బాయి ఫోను పట్టుకోగా పరీక్ష చేశాము. లెవెల్ రెండు గీతల మధ్య ఉంది. సెల్ఫ్ కొట్టే ముందు బ్యాటరీ 12.5 వోల్టులు చూపించింది. ఇంజన్ వెంటనే అందుకుంది. చప్పుడు దాదాపు నాలుగు సెకన్లు ఉంది. వీడియోను మళ్లీ మళ్లీ చూస్తే, ఆయిల్ లైటు ఆరిన అర సెకను తరువాత చప్పుడు ఆగుతోంది. పది నిమిషాల తరువాత రెండోసారి స్టార్ట్ చేస్తే చప్పుడు బొత్తిగా లేదు. చలి అప్పుడూ అంతే ఉంది, బానెట్ మీద మంచు తడి కూడా ఆరలేదు.

పాఠశాలలో ఏడు గంటలు ఆగిన తరువాత సాయంత్రం స్టార్ట్ చేస్తే ఒక సెకను సన్నగా వినిపించింది. ఇన్నాళ్లూ పిల్లల కేకల్లో నేను దాన్ని గమనించలేదు. బండి కింద రేకులు తట్టి చూశాను, అన్నీ గట్టిగానే ఉన్నాయి. ఆయిల్ పోసిన షాపుకు వెళ్లి ఏ ఆయిల్ పోశారని అడిగితే డ్రమ్ము చూపించారు. 20డబ్ల్యు-40. నా కారు పుస్తకంలో 5డబ్ల్యు-30 అని ఉంది.

జవాబు: మిర్యాలగూడ నుంచి

అన్నా, ఏమీ అనుకోకండి, నాదొక మాట. 1,38,000 తిరిగిన చైను ఎట్లాగూ సాగే ఉంటుంది. చైను ఒక పన్ను జారితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజన్ తల విప్పవలసి వస్తుంది, అప్పుడు 22,000 రూపాయలు చిన్న మొత్తంగా కనిపిస్తుంది. మీరు రోజూ 64 కిలోమీటర్లు తిరిగేవారు. ఎందుకైనా మంచిది, చైను మార్పించడమే నయం అని నా అభిప్రాయం.

జవాబు: నల్లగొండ నుంచి

మిర్యాలగూడ మిత్రుని భయంలో న్యాయం ఉంది, దాన్ని నేను తోసిపుచ్చను. చైను జారితే జరిగేది ఆయన చెప్పినట్లే జరుగుతుంది. కాని ఆయిల్ సంగతి సరిచేయకుండా కొత్త చైను వేస్తే, రాత్రి ఆయిల్ జారడం అట్లాగే ఉంటుంది, కొత్త టెన్షనర్ కూడా పొద్దున్నే ఖాళీగా ఉంటుంది, కొత్త గైడులు అదే దెబ్బలు తింటాయి. అందువల్ల ముందు ఆయిల్, ఫిల్టర్. ఆ తరువాత చైనును కొలిచి చూసి, దాని పని దానికి చేద్దాము.

ఒక పద్ధతి పాటించండి. మెకానిక్‌ను పొద్దున్నే ఇంటికి పిలిపించండి, బండి స్టార్ట్ చేయకముందే ఫిల్టర్ విప్పించండి. రాత్రంతా ఆగిన తరువాత కూడా మంచి ఫిల్టర్‌లో ఆయిల్ నిండుగానో, ఇంచుమించు నిండుగానో ఉంటుంది. విప్పగానే చేతుల మీదికి కారుతుంది. ఖాళీగా వస్తే దొంగ దొరికినట్లే. కొత్త ఫిల్టర్ అధీకృత డీలర్ దగ్గర బిల్లుతో కొనండి. బిగించే ముందు రబ్బరు వాషరుకు వేలితో ఆయిల్ రాయాలి, పాత వాషరు ఇంజన్‌కే అంటుకుని ఉండిపోలేదని చూసుకోవాలి. రెండు వాషర్లు కలిసి ఆయిల్ మొత్తం కక్కిన బండ్లు నాకు తెలుసు. చేత్తో బిగించి, ఆ పైన ముప్పావు చుట్టు తిప్పితే సాధారణంగా చాలు. ఫిల్టర్ మీద రాసి ఉన్న కొలతే ప్రమాణం.

చైను కోసం రెండు పనులు చేయించండి. కారు కంప్యూటర్‌లోని లోపాల కోడులు చదివే స్కానర్ పెట్టించి, చైను కలిపి తిప్పే రెండు షాఫ్టుల (క్రాంకు, క్యాము) సెన్సర్ల లెక్క తప్పినట్లు చెప్పే పి0016 కోడు గానీ, దానికి దగ్గరివి గానీ ఉన్నాయేమో చూడమనండి. వీలైతే టెన్షనర్ విప్పించి దాని పిస్టన్ ఎంత దూరం బయటికి వచ్చిందో చూడమనండి. చైను సాగిన కొద్దీ అది ఎక్కువ బయటికి వస్తుంది. కొలత హద్దు దాటి ఉంటే మిర్యాలగూడ మిత్రుని మాటే నా మాట.

జవాబు: మహబూబ్‌నగర్ నుంచి

సార్, ఫిల్టర్ మార్చాక మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు చప్పుడు తప్పకుండా వస్తుంది, ఫిల్టర్ ఖాళీగా ఉంటుంది కాబట్టి. దానికి బెదరవద్దు. సెల్ఫ్‌ను ఒకసారికి పది సెకన్లకు మించి తిప్పవద్దు. మళ్లీ తిప్పాలంటే అర నిమిషమైనా ఆగండి, మోటారు వేడెక్కుతుంది.

ప్రశ్న అడిగినవారు, రెండు వారాల తరువాత

పని పూర్తయింది. నల్లగొండ పెద్దలు చెప్పినట్లే మెకానిక్‌ను పొద్దున ఆరింటికి ఇంటికే రప్పించాను. చేతులు తడిసిపోతాయని ఆయన కింద బకెట్ పెట్టి, పాత గుడ్డ చుట్టుకుని మరీ ఫిల్టర్ విప్పారు. నా ఇంజన్‌లో అది పక్కకు వాలి ఉంటుంది. విప్పి బకెట్‌లోకి వంచితే ఒక చెంచాడు ఆయిల్ కూడా రాలేదు. ఆయన నా మొహం చూసి, ఫిల్టర్‌ను మరోసారి ఊపి చూశారు. అగ్గిపుల్లతో రంధ్రంలో నొక్కితే రబ్బరు పొర వంగలేదు, చివర విరిగి ఒక చిన్న నల్లని ముక్క ఊడి వచ్చింది. మూడు నెలల ఫిల్టర్ అది.

పాత ఆయిల్ మొత్తం తీసేసి, 5డబ్ల్యు-30 ఆయిల్, బిల్లుతో కొన్న ఫిల్టర్ వేయించాను. కూలితో కలిపి 3,150 రూపాయలు అయింది. ఆ పూట మొదటి స్టార్టుకు మహబూబ్‌నగర్ అన్న చెప్పినట్లే చప్పుడు వచ్చింది. మరునాటి నుంచి ఆయిల్ లైటు సెకనున్నరలోపే ఆరుతోంది. పన్నెండు పొద్దులలో పది పొద్దులు ఏ చప్పుడూ లేదు. బాగా చలిగా ఉన్న రెండు రోజులు మాత్రం అర సెకను సన్నగా వినిపించి ఆగింది.

ఆ అర సెకను కోసం చైను కూడా చూపించాను. స్కానర్‌లో పి0016 గానీ, మరే కోడు గానీ లేదు. టెన్షనర్ పిస్టన్ హద్దులోనే ఉంది, కాని హద్దుకు దగ్గరగా వచ్చింది. అంటే మిర్యాలగూడ అన్న అన్నట్లు చైను కొంత సాగింది, ఇప్పటికిప్పుడు మార్చవలసినంత కాదు. 1,43,000 దగ్గర మళ్లీ కొలవమని మెకానిక్ చెప్పారు. ఆ అంకెను డ్యాష్‌బోర్డు అరలో ఉన్న నోటు పుస్తకంలో రాసి, పక్కన చైను కిట్టు కోసం నెలకు ఎంత పక్కన పెట్టాలో కూడా లెక్క వేసుకున్నాను. పాత ఫిల్టర్‌ను పారేయలేదు. పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లలకు ఆ రబ్బరు పొర చూపించడానికి సోమవారం తీసుకెళ్తున్నాను.